గేరు ఆయిల్ పాలలా మారితే: కొత్త డబ్బా కొనే ముందు చూడాల్సినవి

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఉండి దగ్గర పల్లె. 50 హెచ్‌పీ ట్రాక్టరు, టూ వీల్ డ్రైవ్, ఆయిల్ బ్రేకులు. కొని నాలుగేళ్లయింది, మీటరు 2,600 గంటలు దాటింది. సార్వాకీ (వానకాలం వరి) దాళ్వాకీ (రెండో పంట) దమ్ము పనే, అంటే నీళ్లు పెట్టి చేను బురద చేసే పనే ఎక్కువ. మధ్యలో చెరువుగట్ల పనికి కూడా వెళ్తుంది. ఈ సార్వాలో దమ్ము చక్రాలు వేసి రోటవేటరుతో తొక్కిస్తుంటే గేరు ఆయిల్ పాలలాగా తెల్లబడిపోయింది. పోయిన దాళ్వా అయ్యాకే మొత్తం ఆయిల్ మార్పించాను. ఇప్పుడు రోటవేటరు ఎత్తుతుంటే లిఫ్టు వణుకుతూ లేస్తోంది, బ్రేకు తొక్కితే కీచుమంటోంది, క్లచ్చి కూడా జారుతున్నట్టుంది. బాక్సు మొత్తం విప్పాలి, లక్ష దాకా అవుతుంది అంటున్నాడు మేస్త్రీ. ఇంకా పదెకరాల దమ్ము మిగిలి ఉంది. ఆయిల్ మార్చేసి అది పూర్తి చేసుకోవచ్చా? ఇంకో మాట. మొన్న పక్క చేలో బండి దిగబడితే వెనక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి బయటికి తెచ్చారు. అది మంచి పద్ధతేనా?

జవాబు: మీరు చివర అడిగినదానికి ముందు చెబుతాను. ఆయిల్ పాడైతే డబ్బుతో పోతుంది, దుంగ కడితే మనిషి పోతాడు.

చక్రం తిరిగినంతసేపూ ఇంజను బలం బండిని ముందుకు నెడుతుంది. దుంగ కట్టిన చక్రం బురదలో బిగుసుకుపోయిందంటే ఆ బలానికి వేరే దారి లేదు. చక్రం నిలబడిపోయి, బండి మొద్దు ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముక్కు పైకి లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. మొదలయ్యాక అంతా సెకనున్నరలో అయిపోతుంది. ముక్కు లేస్తోందని డ్రైవరుకు తెలిసి, కాలు క్లచ్చి మీదికి వచ్చేలోపే చేయి దాటిపోతుంది. పైగా అది నీళ్లున్న చేను. స్టీరింగు కింద చిక్కుకున్నవాడికి దెబ్బ చిన్నదైనా ఊపిరాడదు. మొన్న మీ పక్క చేలో వాళ్లు బయటపడ్డారంటే అది దుంగ గొప్పతనం కాదు, అక్కడ బురద కాస్త మెత్తగా ఉంది.

దిగబడుతోందని అనిపించగానే ఆగిపోవడం మొదటి పని. నాలుగుసార్లు ఎక్స్‌లేటరు తొక్కి చూస్తే చక్రం గుంత తవ్వుకుని, బండి పొట్ట బురద మీద కూర్చుంటుంది. ఆ తర్వాత ఏ పద్ధతైనా కష్టమే. పీటీఓను, అంటే రోటవేటరును తిప్పే వెనక షాఫ్టును ఆపేయండి. రోటవేటరు నాలుగైదు వందల కిలోలు ఉంటుంది కాబట్టి వీలైతే దాన్ని అక్కడే విప్పేయండి. వెనక చక్రాల వెనకాల పారతో బురద తోడి, వాలుగా దారి చేసి, గడ్డి మోపులో తాటి పట్టెలో పరవండి. వాటిని చక్రానికి కట్టకూడదు, ఊరికే పరవాలి. లో గేరులో రివర్సు వేసి మెల్లగా వెనక్కి రండి. వెనక్కి వచ్చేటప్పుడు ముక్కు లేచే భయం ఉండదు. రాకపోతే రెండో ట్రాక్టరును గట్టు మీద గట్టినేలన నిలబెట్టి, కనీసం పది మీటర్ల తాడుతో ముందునుంచి లాగించండి. లాగే బండికి తాడు కట్టాల్సింది కిందనున్న డ్రాబారుకే. టాప్ లింకు తగిలించే చోట గానీ, ఇరుసు గొట్టానికి గానీ కడితే ఈసారి ఆ బండి తిరగబడుతుంది. ఇనప తాడు తెగితే కొరడాలా తిరుగుతుంది. అందుకని తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల ఎవరూ నిలబడకూడదు. గట్టు ఎక్కించేటప్పుడూ ఇంతే: నిట్రంగా ఉన్న గట్టును పారతో వాలుగా కొట్టించండి, లేదంటే రివర్సులో ఎక్కించండి.

ఇక ఆయిల్ సంగతి.

పాలరంగు అంటే నీళ్లు. అందులో అనుమానం లేదు. మీ బండి తరహా బాక్సులో నలభై, యాభై లీటర్ల ఆయిల్ ఉంటుంది. దానిలో అర లీటరు నీళ్లు కలిసినా గేర్లు చిలికి చిలికి మజ్జిగ చేసేస్తాయి. అదే ఆయిలు గేర్లకూ, లిఫ్టుకూ, బ్రేకులకూ పోతుంది. అందుకే మీరు రాసిన జబ్బుల్లో మొదటి రెండూ, అంటే లిఫ్టు వణుకూ బ్రేకు కీచూ, ఒకే జబ్బు. నీళ్లు కలిసిన ఆయిల్ నురగ కడుతుంది. పంపు ఆ నురగలోని గాలిని కూడా మింగుతుంది కాబట్టి రోటవేటరు ఆగి ఆగి లేస్తుంది. ఆయిల్ బ్రేకుల్లో పళ్లాల మీద అంటించిన పొర తడికి ఉబ్బి, పట్టు మారిపోయి కీచుమంటుంది. క్లచ్చి మాత్రం వేరే కథ. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

పదెకరాల మాటకు నా సలహా: బండిని ఆపేయండి, మిగిలింది అద్దె బండితో తొక్కించండి. మీరు ఇవాళ కొత్త ఆయిల్ పోసి రేపు చేలో దింపితే, నీళ్లొచ్చే దారి అలాగే ఉంది కనక రెండు రోజుల్లో మళ్లీ పాలవుతుంది. పోయిన దాళ్వా తర్వాత మీరు ఖర్చుపెట్టిన డబ్బు పోయింది ఇలాగే. అద్దె ఎంతైనా ఆయిల్ డబ్బాల కంటే, బ్రేకు పళ్లాల కంటే చవక.

ఇంకేదీ ముట్టుకోకముందు ఇంజను ఆయిల్ గేజి కడ్డీ తీసి చూడండి. ఇంజను ఆయిల్ మామూలుగా నల్లగా ఉంటే మీ సమస్య వెనక బాక్సుదే. అది కూడా తెల్లబడి ఉంటే హెడ్ గ్యాస్కెట్టో లైనర్ల రబ్బరు రింగులో పోయినట్టు. అది ఇంజను మేస్త్రీ పని, కింద రాసినవి దానికి పనికిరావు.

నీళ్లు ఎటునుంచి వచ్చాయో పట్టుకోవడమే అసలు పని. మేస్త్రీలు దీన్ని దాటేసి నేరుగా ఆయిల్ దింపుతారు. ఈ వరసలో చూడండి.

బండిని చదునైన నేల మీద రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి స్టార్టు చేయకముందే, అన్నిటికంటే కిందనున్న డ్రెయిన్ బోల్టును రెండు మూడు మరలు వదులు చేయండి. నీళ్లు బరువు కనక కలవని నీళ్లుంటే మొదట అవే కారతాయి. మొదటి లీటరును తెల్లటి ప్లాస్టిక్ సీసాలో పట్టి పక్కన పెట్టండి. సాయంత్రానికి అడుగున నీళ్లు తేరుకుంటే అవి ఈమధ్యే, ఎక్కువగా వచ్చినవి. తేరుకోకుండా మొత్తం పాలలాగే ఉంటే కొద్దికొద్దిగా చాలాకాలంగా వస్తున్నాయి. ఆయిల్ కాస్త మబ్బుగా ఉండి నీళ్లా కాదా అని సందేహం వచ్చినవాళ్లు బయట పొయ్యి మీద పాత ఇనప పెనం వేడి చేసి, మొహం దూరంగా పెట్టుకుని ఒక్క చుక్క వేయండి. చిటపటలాడితే నీళ్లున్నట్టే. శుద్ధమైన ఆయిల్ అయితే ఊరికే పొగ వస్తుంది. మొత్తం ఆయిల్‌ను డ్రమ్ములో కాచి నీళ్లు ఎగరగొడదామని మాత్రం అనుకోవద్దు. పొంగి పొయ్యిలో పడి అంటుకుంటుంది. అంటుకోకపోయినా ఆ ఆయిల్ మళ్లీ పోయడానికి పనికిరాదు.

తర్వాత బ్రీదరు. బాక్సు మీద, గేరు రాడ్డు దగ్గరో లిఫ్టు మూత మీదో చిన్న టోపీలాంటిది ఉంటుంది. కొన్ని బళ్లలో గేజి కడ్డీ మూతలోనే ఉంటుంది. బాక్సులో గాలి వేడికి పెరిగి, చల్లారితే తగ్గుతుంది, ఆ గాలి వచ్చిపోయే దారి ఇది. దమ్ములో దీనికి మట్టి పట్టి మూసుకుపోవడం చాలా మామూలు, చూసేవాళ్లు మాత్రం తక్కువ. లెక్క చూడండి. బాక్సులో ఆయిల్ పైన పది లీటర్ల ఖాళీ ఉందనుకుందాం. పనిచేసి 75 డిగ్రీల వేడి ఎక్కిన బండి చల్లటి నీళ్లలో నిలబడి 40 డిగ్రీలకు దిగితే, ఆ గాలి సుమారు ఒక లీటరు మేర కుంచించుకుపోతుంది. బ్రీదరు తెరిచి ఉంటే పైనుంచి గాలి వస్తుంది. మూసుకుపోతే ఆ లీటరు వెలితి ఎక్కడినుంచో నిండాలి కదా. నీళ్లలో మునిగి ఉన్న ఇరుసు సీలు అంచు నుంచి నీటినే లోపలికి పీలుస్తుంది. సీలు మంచిదైనా సరే. ఎందుకంటే సీలును లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపడానికి చేశారు, బయటి నీళ్లు లోపలికి రాకుండా ఆపడం దానికి సగం పనే. మధ్యాహ్నం భోజనానికని బండిని చేలోనే నీళ్లలో ఆపి వెళ్లే అలవాటు ఉంటే మానేయండి. గట్టు మీదికి తెచ్చి ఆపండి. బ్రీదరును విప్పి డీజిల్‌లో కడిగి, నోటితో ఊదితే గాలి సాఫీగా పోవాలి. దమ్ము రోజుల్లో వారానికోసారి ఈ పని ఐదు నిమిషాలది.

అలాగే గేరు రాడ్ల కింద రబ్బరు తొడుగు చిరిగిందేమో, ఆయిల్ పోసే మూతకు రబ్బరు రింగు ఉందో లేదో చూడండి. ఆరుబయట వానలో నిలిపే బండికీ, సర్వీసింగు సెంటరులో ప్రెషరు నీళ్లు కొట్టించే బండికీ ఈ పైదారుల నుంచే నీళ్లు పోతాయి. వేడి మీదున్న బాక్సు మీద చన్నీళ్లు కొట్టడమూ పైన చెప్పిన పీల్పుడు పనే చేస్తుంది.

ఇక అసలు అనుమానితులు వెనక ఇరుసు సీళ్లు. 14.9-28 టైరు ఎత్తు దాదాపు 136 సెంటీమీటర్లు. అంటే ఇరుసు మధ్య నేలకు 65 సెంటీమీటర్ల పైన ఉంటుంది, దాని గొట్టం అడుగు అంతకన్నా కిందికే. టైరు తీసి వేసే పూర్తి దమ్ము చక్రం చాలాసార్లు టైరు కంటే చిన్నది. పైగా అది సన్నటి పట్టీల మీద నడుస్తుంది కాబట్టి లోతుగా దిగుతుంది. మీ ఒండ్రు నేలల్లో మోకాలిలోతు దిగితే సీలు నీళ్లలోనే తిరుగుతోందన్నమాట. దానికి తోడు గడ్డీ, పాత దుబ్బులూ ఇరుసుకు చుట్టుకుని, తాడులా బిగుసుకుని సీలు పెదవిని కోసేస్తాయి. రోజూ సాయంత్రం కొడవలితో ఆ గడ్డి కోసి తీయించండి. లాగితే రాదు. కోయాలి.

సీలు పోయిందో లేదో విప్పకుండానే తెలుసుకోవచ్చు. ఇరుసు చివరలు రెండూ శుభ్రంగా కడిగి ఆరనిచ్చి, సీలు చుట్టూ పల్చగా సున్నం పూయండి. గంటసేపు రోడ్డు మీద నడిపి చూస్తే ఆయిల్ కారినచోట సున్నం మీద నల్లటి చార కనిపిస్తుంది. చార లేకపోతే సీలు మంచిదేనని అనుకోవద్దు. లోపలికి మాత్రమే దారిచ్చే సీళ్లూ ఉంటాయి. అప్పుడు బ్రీదరు తీసిన కన్నానికి గొట్టం బిగించి, సైకిలు పంపుతో 3 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, రెండు ఇరుసు సీళ్లకూ పీటీఓ సీలుకూ సబ్బు నీళ్లు రాయండి. బుడగ లేచినచోటే దొంగ. కంప్రెసరు గాలి పెట్టకూడదు. ఒక్క ఊపులో పది పీఎస్‌ఐ ఎక్కిందంటే మంచి సీళ్లు కూడా ఊడి కూర్చుంటాయి.

సీలు మార్చేటప్పుడు మేస్త్రీ పక్కన నిలబడి రెండు సంగతులు చూడండి. పాత సీలు పెదవి తిరిగినచోట ఇరుసు మీద గాడి పడుతుంది. దాని మీద గోరు అడ్డంగా గీయండి. గోరు తట్టుకుంటే అక్కడ ఎంత ఖరీదైన సీలు వేసినా నిలవదు. సీటులో చోటుంటే కొత్త సీలును రెండు మూడు మిల్లీమీటర్లు అటో ఇటో కూర్చోబెట్టి పెదవి నున్నటి చోట తిరిగేలా చేయొచ్చు. చోటు లేకపోతే కాలరో స్లీవో మార్చాలి. రెండోది బేరింగు ఆట. ముందు చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, వెనక చక్రం జాకీ మీద లేపి, కింద దిమ్మ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. చేతికి తెలిసేంత ఆట ఉంటే ఇరుసు ఊగుతూ సీలును గుండ్రంగా ఉండనివ్వదు. షిమ్ములు (ఆట సరిచేసే పల్చటి రేకులు) సరిచేశాకే సీలు వేయించాలి. రెండు పెదవుల సీలు అడిగి తీసుకోండి. స్ప్రింగున్న పెదవి ఆయిల్ వైపు, చిన్న పెదవి బయటి మట్టి వైపు ఉండాలి. రెంటి మధ్య గ్రీజు నింపాలి. ఉలీ సుత్తీ పెట్టి ఒక్కోవైపు కొట్టుకుంటూ పోతే సీలు వంకరపోతుంది. సీలు వెడల్పున్న రేకో పాత బేరింగు రింగో ఆనించి సమంగా దింపాలి.

బాక్సు మొత్తం విప్పాలన్న మేస్త్రీ మాటకు జవాబు డ్రెయిన్ బోల్టే చెబుతుంది. చాలా బోల్టులకు లోపల అయస్కాంతం ఉంటుంది. అది లేకపోతే తీసిన ఆయిల్‌లో విడిగా అయస్కాంతం తిప్పండి. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా, బూడిదరంగు పేస్టులా ఉంటే అది మామూలు అరుగుదల, విప్పనక్కర్లేదు. గోటి ముక్కల్లాంటి పెచ్చులూ, పళ్లు విరిగిన తుంపులూ ఉంటే మాత్రం ఆయన మాటే నిజం. ఫిల్టరులో, జల్లెడలో నల్లటి కాగితం పెచ్చుల్లాంటివి దొరికితే బ్రేకు పళ్లాల పొర ఊడుతోంది. దానికి ఇరుసు గొట్టాలు రెండూ విప్పితే చాలు, గేరు బాక్సు జోలికి పోనక్కర్లేదు. ఈ మూడింట్లో ఏదో తేలకముందు లక్షకు ఒప్పుకోకండి.

ఆయిల్ దింపడంలోనూ మెలిక ఉంది. బాక్సుకు ఒక్క డ్రెయిన్ బోల్టే ఉందని ఎక్కువమంది అనుకుంటారు. గేరు బాక్సుకొకటి, డిఫరెన్షియల్‌కొకటి, కొన్ని బళ్లలో కుడి ఎడమ చివర్ల గేరు పెట్టెలకు ఒక్కోటీ ఉంటాయి. మాన్యువల్లో బొమ్మ చూసి అన్నీ తీయాలి. ఒక్కటే తీస్తే చివర్లలో పాల ఆయిల్ అలాగే ఉండి, కొత్తదాన్ని తొలి గంటలోనే పాడుచేస్తుంది. అరగంట నడిపి వేడి మీద దింపండి. లిఫ్టు చేతులు కిందికి దించేస్తే సిలిండరులోదీ వస్తుంది. రెండు గంటలు కారనివ్వండి. సక్షన్ జల్లెడ డీజిల్‌లో కడిగి ఆరబెట్టాలి, కాగితం ఫిల్టరు అయితే కొత్తది వేయాలి. డీజిల్ పోసి బాక్సు కడగడం మన దగ్గర బాగా అలవాటు. నాకు అది నచ్చదు. మూలల్లో మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది. లిఫ్టు పంపుకు ఆ పల్చటి ఆయిల్ సరిపోదు.

దానికి బదులు మొదటిసారి పోసిన ఆయిల్‌ను కడుగుడు ఆయిల్‌గా లెక్కేసుకోండి. గేజి కడ్డీ కింది గీత దాకా పోసి, ఎనిమిది పది గంటలు ట్రక్కు (ట్రాలీ) తోలకమో మెట్ట దుక్కో చేయించి, వేడి మీద మళ్లీ దింపేసి, అప్పుడు పూర్తి కొలతకు పోయండి. ఖర్చు బాధగానే ఉంటుంది. కానీ పాల ఆయిల్ ఒక్క దింపుడుతో పోదు. రెండోసారి దింపిన ఆ కడుగుడు ఆయిల్‌ను పారేయకుండా దమ్ము చక్రాలకూ రోటవేటరు బ్లేళ్లకూ పూయడానికి ఉంచుకోండి, మళ్లీ బాక్సులో మాత్రం వద్దు.

ఏ ఆయిల్ అన్నది ముఖ్యం. ఆయిల్ బ్రేకుల బండికి డబ్బా మీద యూటీటీఓ (గేర్లకూ లిఫ్టుకూ బ్రేకులకూ కలిపి పనికొచ్చే ఆయిల్) అని, మీ కంపెనీ మాన్యువల్లో చెప్పిన గ్రేడు ఉండాలి. షాపులో "ఏదైనా ఒకటే" అని ఈపీ 90 ఇస్తే పోయించుకోవద్దు. అది వట్టి గేర్ల ఆయిల్. దానితో బ్రేకులు ఇంకా అరుస్తాయి, లిఫ్టు బద్ధకిస్తుంది. ఈపీ గేరు ఆయిల్ మీ రోటవేటరు గేరు పెట్టెకూ, పక్క పెట్టెకూ పనికొస్తుంది. అన్నట్టు ఆ రెండు పెట్టెలూ కూడా నీళ్లలోనే మునుగుతాయి, అవీ తెరిచి చూడండి. పోశాక ఇంజను నడుపుతూ లిఫ్టు పదిసార్లు ఎత్తి దించి, బ్రేకులు పదిసార్లు తొక్కి, లిఫ్టు చేతులు కిందికి దించి, ఇంజను ఆపి పావుగంటాగి గేజి చూడండి. కొంచెం తగ్గి ఉంటుంది, నింపండి. ఈ పనంతా అయ్యాక కూడా బ్రేకు కీచుమంటే అప్పుడే పళ్లాలు విప్పించండి. చాలా బళ్లలో మంచి ఆయిల్ పడి ఇరవై గంటలు తిరిగేసరికి అరుపు తగ్గిపోతుంది.

మీరు చెరువుల పనికీ వెళ్తుందన్నారు. రొయ్యల చెరువుల ఉప్పునీరు అయితే లోపల తుప్పు చాలా వేగంగా పడుతుంది. అలాంటి చోట నీళ్లు పోయిన బాక్సును మర్నాటికి కూడా ఉంచకుండా దింపేయాలి. బండిని బయట మంచినీళ్లతో కడగకుండా ఇంటికి తేవద్దు.

ముందు చక్రాల హబ్బులు మర్చిపోకండి. 6.00-16, 7.50-16 టైర్లతో అవి నేలకు 35, 40 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటాయి, అంటే దమ్ములో పొద్దస్తమానం బురదలోనే. గ్రీజు వారానికోసారి అన్న లెక్క మెట్ట పనికి. దమ్ములో ప్రతి సాయంత్రం పాత బురద గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా గన్ను కొట్టాలి. పొద్దున కాదు, సాయంత్రం. రాత్రంతా నీళ్లు బేరింగులో కూర్చోకుండా ఉండటానికి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు ముందు ఇరుసు ఆయిల్ విడిగా ఉంటుందని గుర్తుంచుకుని దాన్ని కూడా గడియకోసారి కాకపోయినా వారానికోసారి చూడాలి.

ఇక క్లచ్చి. క్లచ్చి పెట్టె అడుగున ఒక చిన్న కన్నం ఉంటుంది, లోపలికి ఏదైనా కారితే బయటికి పోవడానికి. మెట్టలో అది తెరిచి ఉండాలి. దమ్ములో దింపే ముందు దానికి ప్లగ్గు బిగించాలి, లేకపోతే బురదనీళ్లు నేరుగా క్లచ్చి పళ్లెం మీదికే. చాలా బళ్లకు ఆ ప్లగ్గు బండితోపాటే ఇస్తారు, టూల్ బాక్సులోనో బాక్సు పక్కనే బిగించో ఉంటుంది. చాలామంది ఎప్పుడూ వాడరు, లేదంటే ఒకసారి బిగించి ఏళ్ల తరబడి వదిలేస్తారు. రెండూ తప్పే. బిగించి వదిలేస్తే సీలు కారిన ఆయిల్ అక్కడే నిలిచి పళ్లెం నానుతుంది. ఇప్పుడు మీ బండికి ఆ కన్నం చూడండి. బురదనీళ్లు కారితే ప్లగ్గు లేకపోవడమే కారణం. లోపల కడిగి ఆరనిస్తే పళ్లెం తిరిగి పట్టొచ్చు. నల్లటి ఆయిల్ వస్తే ఇంజను వెనక సీలు, తెల్లటి పాల ఆయిల్ వస్తే గేరు బాక్సు ముందు సీలు. ఆ రెంటికీ బండిని మధ్యలో విడదీయక తప్పదు. అప్పుడు పళ్లెం, రిలీజు బేరింగు కూడా చూపించండి, మళ్లీ విడదీసే కూలీ మిగులుతుంది.

ఏమీ కారకపోతే పెడలు ఆట కొలవండి. చేత్తో పెడలు నొక్కుతుంటే గట్టిపడేలోపు దిగే దూరం అది, చాలా బళ్లలో అంగుళానికి అటూ ఇటూగా ఉంటుంది. మీ బండిది ఎంతో మాన్యువల్లో రాసి ఉంటుంది. ఆట లేకపోతే క్లచ్చి ఎప్పుడూ సగం తొక్కినట్టే ఉండి జారుతుంది. రాడ్డు నట్టు తిప్పి సరిచేస్తే ఒక్క పైసా ఖర్చు లేకుండా పోతుంది. పెడలు మీద కాలు ఆనించి తోలే డ్రైవరుంటే ఆ అలవాటు మాన్పించాలి. దమ్ములో కుదుపులకు కాలు ఆనుతుంది, తెలియకుండానే.

దమ్ములు అయిపోయి ఊడ్పులు మొదలయ్యాక, చక్రాలు విప్పే రోజునే క్లచ్చి పెట్టె ప్లగ్గు తీసి టూల్ బాక్సులో వేసేయండి. దమ్ము చక్రాలతో తారు రోడ్డెక్కకండి. రోడ్డు పాడవుతుంది, జరిమానా పడుతుంది, ఆ అదురుకు ఇరుసు బేరింగులు కూడా అరుగుతాయి. ట్రక్కులో వేసుకెళ్లి గట్టు దగ్గర బిగించుకోండి. టైర్లు తిరిగి ఎక్కించాక గంట నడిపి చక్రాల నట్లన్నీ పానాతో మళ్లీ ఒకసారి బిగించండి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లకూ కలిపే లాకు వేయండి. చేలో మలుపులకని విడదీసిన పెడళ్లు అలాగే ఉండిపోతాయి, రోడ్డు మీద ఒక్కటే తొక్కితే నిండు ట్రక్కుతో బండి అడ్డం తిరుగుతుంది.